అన్నయ్యకు కీమో జరుగుతోంది, తవుడు సారం ఇవ్వవచ్చునా?

ప్రశ్న: గాజువాక ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా అన్నయ్యకు యాభై ఎనిమిదేళ్లు. గత వేసవిలో పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉన్నట్లు తేలడంతో, కుడివైపు పేగు భాగాన్ని శస్త్రచికిత్స చేసి తొలగించారు. ఇప్పుడు మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందును రక్తనాళంలోకి ఎక్కిస్తున్నారు, ప్రతి విడతలోనూ మొదటి రెండు వారాలు కెపసిటబిన్ అనే కీమో మాత్రలు వేసుకోమన్నారు. ఎనిమిది విడతల్లో నాలుగు పూర్తయ్యాయి.

పది రోజుల క్రితం మా వదిన తరఫు బంధువు ఒకరు పరామర్శకు వచ్చి, బియ్యపు తవుడు నుంచి తీసిన సారమంటూ ఒక సీసా నిండా గుళికలు, దానితో పాటు నాలుగు పేజీల కరపత్రం ఇచ్చి వెళ్లారు. ఫెరూలిక్ ఆమ్లం, గామా ఒరైజనాల్, ట్రైసిన్, ఫైటిక్ ఆమ్లం అనే పదార్థాలు క్యాన్సర్ కణాలను చంపుతాయని ప్రయోగశాలల్లో రుజువైనట్లు అందులో రాసి ఉంది. ఇదంతా వ్యాపారపు మాటే అయి ఉంటుందనుకుని అంతర్జాలంలో వెతికితే, ఆ పేర్లతో నిజంగానే పరిశోధన పత్రాలు కనిపించాయి. పెద్దపేగు క్యాన్సర్ కణాల మీదనే చేసిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. అప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఇవ్వకపోతే చేతికందిన అవకాశాన్ని జారవిడిచినట్లవుతుందేమోనని ఒక బెంగ, ఇస్తే జరుగుతున్న వైద్యానికి నేనే అడ్డుపడినట్లవుతుందేమోనని మరొక బెంగ.

నేను చదువుకున్న జీవశాస్త్రం ఆ పత్రాలను చదవడానికి సరిపోయింది గానీ తూచడానికి సరిపోలేదు. గాజు పళ్లెంలో కణాలు చచ్చాయంటే దానికి ఎంత విలువ ఇవ్వాలి? గుళికలు వద్దనుకుంటే, ఇంట్లో వండే అన్నంలో, గంజిలో తవుడు కలిపి పెట్టడం మంచిదేనా? మా చిన్నప్పుడు తవుడును గేదెల కుడితిలో కలిపేవారు తప్ప మనుషులు తినడం నేను చూడలేదు. అన్నయ్య సంగతి అలా ఉంచితే, అదే రక్తం పంచుకుని పుట్టిన నేనూ, మా పిల్లలూ తిండిలో ఏమైనా మార్చుకోవాలా? తెలిసినవారు విడమరచి చెప్పగలరని అడుగుతున్నాను.


జవాబు 1: వాల్తేరు ఔషధశాస్త్రం

అమ్మా, మీరు చదివిన పత్రాలు అబద్ధాలు కావు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే అవి అబద్ధాలని ఎవరైనా తేలికగా కొట్టిపారేస్తే మీ సందేహం తీరదు. నేను ముప్ఫై ఏళ్ల పాటు మొక్కల సారాలను కణాల మీదా ఎలుకల మీదా పరీక్షించే పని చేసి విరమించినవాణ్ని. మీరు అడిగిన తూకం గురించి నాకు తెలిసినంత రాస్తాను.

ధాన్యపు గింజ తనలోని మొలకను బూజు నుంచి, పురుగు నుంచి, ఎండ వేడి నుంచి కాపాడుకోవడానికి రక్షక రసాయనాలను పై పొరల్లోనే పోగుచేసుకుంటుంది. పాలిష్ పట్టినప్పుడు మనం ఒలిచి పారేసేది ఆ పొరలనే. అందుకే బియ్యం కంటే తవుడులో, గోధుమ పిండి కంటే గోధుమ పొట్టులో ఈ పదార్థాలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. ఒక్కొక్క ధాన్యానిది ఒక్కొక్క సొత్తు: గోధుమ పొట్టులో ఆల్కైల్ రిసార్సినాల్స్, ఓట్స్‌లో అవెనాంత్రమైడ్లు, నల్ల జొన్న పొట్టులో డీఆక్సీ ఆంథోసయనిడిన్లు ఉంటాయి. ఫెరూలిక్ ఆమ్లం మాత్రం దాదాపు అన్ని ధాన్యాల పొట్టులోనూ ఉంటుంది. ఒరైజనాల్‌ను జపాన్ శాస్త్రజ్ఞులు 1954లో తవుడు నూనె నుంచి వేరు చేశారు. మొదట అది ఒకే పదార్థమనుకున్నారు గానీ, ఫెరూలిక్ ఆమ్లం వృక్ష స్టెరాల్స్‌తో కలిసి ఏర్పడిన ఎస్టర్ల మిశ్రమమని తర్వాత తేలింది. ఫైటిక్ ఆమ్లం మీద అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో అబుల్‌కలాం షంసుద్దీన్ 1980ల నుంచి ఎలుకల పెద్దపేగు క్యాన్సర్లపై పని చేశారు. ఇదంతా గౌరవించదగిన శాస్త్రమే.

చిక్కు మోతాదు దగ్గర వస్తుంది. ఫెరూలిక్ ఆమ్లం వంటి ఫీనాలిక్ పదార్థాలతో కణాలు చచ్చిన ప్రయోగాల్లో చాలావాటిలో వాడిన గాఢత పదుల నుంచి వందల మైక్రోమోలార్ల దాకా ఉంటుంది. వంద మైక్రోమోలార్లు అంటే లీటరుకు సుమారు 19 మిల్లీగ్రాముల ఫెరూలిక్ ఆమ్లం. గాజు పళ్లెంలోని కణాలు ఆ ద్రవంలో రెండు మూడు రోజులు నానుతూనే ఉంటాయి, తప్పించుకునే దారి వాటికి లేదు. మనిషి తవుడు తింటే జరిగేది వేరు. ఫెరూలిక్ ఆమ్లంలో అధిక భాగం పొట్టులోని అరాబినోజైలాన్ అనే పీచుకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కనుక చిన్నపేగు దానిని పీల్చుకోలేదు. పీల్చుకున్న కొద్దిపాటి భాగాన్ని కాలేయమూ పేగు గోడా సల్ఫేటు గానో గ్లూకురోనైడు గానో మార్చి, కొద్ది గంటల్లోనే మూత్రంలో పంపేస్తాయి. రక్తంలో దొరికేది ఒకటి రెండు మైక్రోమోలార్లు, తరచుగా అంతకంటే తక్కువ. పళ్లెంలోని కణం చూసిన గాఢతను ఒంట్లోని కణం ఎన్నడూ చూడదు.

మరొక సంగతి బయటివారికి అంతగా తెలియదు. మొక్కల్లోని ఇలాంటి ఫీనాలిక్ పదార్థాలు, అంటే పాలీఫీనాల్స్, కొన్ని కణాలను పెంచే ద్రవంలో కలిపిన వెంటనే గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. అప్పుడు కణాలను చంపింది మనం పరీక్షించిన పదార్థమా, పెరాక్సైడా అన్నది విడిగా తేల్చుకోవాలి. ఆ పరీక్ష చేయకుండానే అచ్చయిన పత్రాలు ఉన్నాయి. ఆరోగ్యకరమైన కణాల మీద కూడా అదే గాఢతను పరీక్షించారా లేదా అన్నది నేను ఏ పత్రంలోనైనా మొదట వెతికే విషయం. క్యాన్సర్ కణమూ మంచి కణమూ ఒకే మోతాదుకు చచ్చిపోతే దానిని మందు అనలేము.

ట్రైసిన్ విషయంలో ఎలుకల ప్రయోగం ఉంది. పేగులో పాలిప్‌లు, అంటే లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపెలు, పుట్టే జన్యులోపం ఉన్న ఎలుకలకు, ఇంగ్లండ్‌లోని లెస్టర్ శాస్త్రజ్ఞులు ఆహారంలో 0.2 శాతం ట్రైసిన్ కలిపి పెడితే పాలిప్‌లు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో వెలువడింది. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం అది. అయితే ఆ మోతాదును శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి మనిషికి మార్చి చూస్తే రోజుకు గ్రామున్నర దాకా వస్తుంది. మామూలు బియ్యపు తవుడులో ట్రైసిన్ కిలోకు పదుల మిల్లీగ్రాములు మాత్రమే ఉంటుంది. కేరళలోని నవర బియ్యపు తవుడులో అంతకు ఎన్నో రెట్లు ఉంది గానీ, మన బజారులోని తవుడుతో ఆ మోతాదు చేరాలంటే రోజుకు ఇరవై ముప్ఫై కిలోలు తినాలి. ఎలుకకు పెట్టింది తవుడు కాదు, శుద్ధమైన ట్రైసిన్.

మొక్కల నుంచి క్యాన్సర్ మందులు రాలేదా అని మీరు అడగవచ్చు. తప్పక వచ్చాయి. విశాఖలో ఏ పెరడులో చూసినా కనిపించే బిళ్ళగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. అవి కణాలపై పని చేసే గాఢత నానోమోలార్లలో ఉంటుంది, అంటే తవుడు పదార్థాల కంటే వేల రెట్లు తక్కువ మోతాదులోనే పని చేస్తాయి. అయినా ఎవరూ బిళ్ళగన్నేరు ఆకు నమిలి రక్తపు క్యాన్సర్ నయం చేసుకోలేదు. ఎండిన ఆకు టన్నుల కొద్దీ వడపోసి, పదార్థాన్ని శుద్ధి చేసి, మోతాదు నిర్ణయించి, నరాల మీద అది చేసే హానిని కొలిచి, నేరుగా రక్తనాళంలోకి ఎక్కించాకే అది మందయింది. తవుడులోని ఏ పదార్థమూ ఇప్పటివరకు ఆ దారి చివరి దాకా నడిచి రాలేదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఇక్కడ గుర్తు చేయకుండా ఉండలేను. ఫోలిక్ ఆమ్లం మంచి పోషకం, రక్తహీనతకు మందు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రూపాలను ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు కనిపించింది. అప్పుడు ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాన్ని వాడి చూడాలన్న ఆలోచన వచ్చింది. సుబ్బారావు గారి బృందం లెడర్లీ మందుల కంపెనీలో తయారు చేసిన అమినోప్టెరిన్‌ను ఇస్తే పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. ఒంటికి మంచిది గనుక క్యాన్సర్‌కు చెడ్డది అయి తీరుతుందన్న నమ్మకం అక్కడే తప్పింది. మీ అన్నయ్యగారి కెపసిటబిన్‌కూ ఫోలిక్ ఆమ్లానికీ ఉన్న సంబంధాన్ని ఆహార వైద్యం తెలిసినవారు నాకంటే బాగా చెబుతారు.


జవాబు 2: సీతమ్మధార, ఆహార నిపుణురాలు

మేడమ్, నేను క్యాన్సర్ వైద్యం జరుగుతున్నవారికి ఆహారం సూచించే పనిలోనే ఉన్నాను. ముందు గుళికలు ఆపి ఉంచండి, సీసాను కరపత్రంతో సహా మీ అన్నయ్యగారి క్యాన్సర్ వైద్యుని వద్దకు తీసుకువెళ్లి చూపించండి. ఎందుకో చెబుతాను.

కెపసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక ఫ్లోరోయూరాసిల్‌గా మారి, కణం డీఎన్ఏ తయారు చేసుకోవడానికి అవసరమైన ఒక ఎంజైమును బంధిస్తుంది. ఫోలేట్ ఎక్కువగా ఉంటే ఆ బంధం మరింత బిగుసుకుంటుంది. మందు చేసే మేలుతో పాటు విరేచనాలు, నోటి పూత, అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి ఒలిచిపోవడం వంటి బాధలు కూడా అప్పుడు ఎక్కువ కావచ్చు. అందుకే కెపసిటబిన్ వాడుతున్నవారు ఫోలిక్ యాసిడ్ మాత్రలను, అవి కలిసిన మల్టీవిటమిన్లను తమంతట తాము వేసుకోకూడదని చెబుతాము. మామూలు భోజనంలో ఉండే ఆకుకూరలకూ పప్పుకూ భయపడనక్కరలేదు. సీసాలోని సారంలో విటమిన్లు కలిపారో లేదో, కలిపితే ఎంత కలిపారో మనకు తెలియదు, బెడద అంతా అక్కడే ఉంది.

కుడివైపు పేగు తీసినవారికి విరేచనాలు వదులుగా కావడం మామూలే. దానికి కెపసిటబిన్ తోడైతే కొందరికి రోజుకు ఐదారు సార్లు అవుతాయి. ఆ స్థితిలో గరుకైన పీచు, అంటే తవుడు, గోధుమ పొట్టు, తొక్కలతో కూడిన గింజలు పెడితే నీరసం, నీటి కొరత ముదురుతాయి. విరేచనాలు ఎక్కువైన రోజుల్లో మెత్తని అన్నం, పలుచని మజ్జిగ, గుడ్డులోని తెల్లసొన, ముళ్లు తీసిన చేప, ఉడికించిన బంగాళాదుంప పెట్టి, ఓఆర్ఎస్ తాగించండి. మామూలు కంటే రోజుకు నాలుగు సార్లు ఎక్కువగా వెళ్తున్నా, రాత్రి నిద్రలో లేవాల్సి వస్తున్నా మాత్రల సంగతి వైద్యుణ్ని అదే రోజు ఫోన్‌లో అడగండి, మరుసటి విడత దాకా ఆగవద్దు.

ఇంకొక మాట. పెద్దపేగు కుడివైపు గడ్డలు నెలల తరబడి కనబడకుండా రక్తం కారుస్తాయి కనుక, ఇలాంటివారిలో రక్తహీనత తరచుగా ఉంటుంది. కరపత్రం పొగిడిన ఫైటిక్ ఆమ్లం ఇనుమునూ జింకునూ పట్టుకుని పేగు పీల్చుకోకుండా ఆపుతుంది. ఆయన హిమోగ్లోబిన్ ఎంత ఉందో చివరి రక్తపరీక్షలో ఒకసారి చూడండి.


జవాబు 3: అనకాపల్లి, తవుడు లెక్కలు

ఉపాధ్యాయిని గారికి నమస్కారం. శాస్త్రం గురించి పైన పెద్దలు రాశారు. నేను ఇరవై ఆరేళ్లు బియ్యం మిల్లులోనూ, ఆ తర్వాత తవుడు నూనె కర్మాగారానికి తవుడు సరఫరా చేసే పనిలోనూ ఉన్నాను కనుక, ఇంట్లో తవుడు వాడాలన్న మీ ఆలోచన గురించి నాకు తెలిసినది చెబుతాను.

వంద కిలోల ధాన్యం ఆడితే ఇరవై కిలోల ఊక, ఎనిమిది కిలోల లోపు తవుడు వస్తాయి. తవుడులో నూనె పదిహేను నుంచి ఇరవై శాతం ఉంటుంది. గింజ మీద పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నూనె ఒక గదిలోనూ, దానిని విరగ్గొట్టే లైపేజ్ ఎంజైము ఇంకొక గదిలోనూ ఉన్నట్లు ఉంటాయి. పాలిష్ రాయి తగలగానే రెండూ కలిసిపోతాయి. ఆడిన గంటల్లోనే పులుపు మొదలవుతుంది. మన విశాఖ తీరపు ఉక్కలో రెండో రోజుకే సబ్బు వంటి చేదు వాసన ముక్కుకు తెలుస్తుంది. అందుకే నూనె కర్మాగారం వారు తవుడు లారీ రాగానే మొదట కొవ్వు ఆమ్లాల శాతం చూసి ధర కడతారు. ఉప్పుడు బియ్యం ఆడిన తవుడు మాత్రం కొంతకాలం నిలుస్తుంది, ఎందుకంటే ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడే ఆ ఎంజైము చచ్చిపోతుంది. మనుషులు తినే తవుడును ఆడిన వెంటనే వేడి ఆవిరితోనో, వేడిలో నొక్కి తీసే ఎక్స్‌ట్రూడర్ యంత్రంతోనో స్థిరపరచాలి. పశువుల దాణా కోసం గోనె సంచిలో అమ్మే తవుడుకు ఇవేవీ చేయరు. అందులో ఊక పొడి, నూక, ఇసుక కలిసి ఉంటాయి. తేమ తగిలిన సంచిలో బూజు పుడుతుంది, కొన్ని బూజులు విడిచే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌ను కలిగించే విషం. కీమో వల్ల రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి ఆ సంచిలోది పెట్టకండి.

ఒరైజనాల్ కోసం తవుడు నూనె కొంటున్నవారు కూడా నన్ను అడుగుతుంటారు. ముడి నూనెలో అది ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. క్షారంతో శుద్ధి చేసే పద్ధతిలో అందులో అధిక భాగం సబ్బు మడ్డిలోకి పోతుంది. ఆవిరితో చేసే భౌతిక శుద్ధిలో చాలావరకు నూనెలోనే మిగులుతుంది. నూనె మంచిదే, మా ఇంట్లోనూ అదే వాడతాము. అయితే దానిని క్యాన్సర్ మందుగా ఊహించుకుని రెండు గరిటెలు ఎక్కువ పోసుకున్న మా బావమరిదికి బరువు తప్ప మరేమీ పెరగలేదు.


జవాబు 4: ఎం.వి.పి. కాలనీ, పరిశోధక విద్యార్థిని

వాల్తేరు సార్ చెప్పిన మోతాదు లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆయన లెక్క రక్తం గురించి. ఉపాధ్యాయిని గారు అడిగింది పెద్దపేగు గురించి, అక్కడ కథ కొంత వేరుగా ఉందని వినయంగా మనవి చేస్తున్నాను.

చిన్నపేగు పీల్చుకోలేక వదిలేసిన పొట్టు అంతా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులకు పీచు నుంచి ఫెరూలిక్ ఆమ్లాన్ని విడదీసే ఎస్టరేజ్ ఎంజైములు ఉన్నాయి. రక్తంలోకి రాని పదార్థం పేగు లోపలి గోడను మాత్రం తాకుతుందన్నమాట. అవే సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పేగు కణం బ్యూటిరేట్‌ను ఇంధనంగా కాల్చుకుని బతుకుతుంది. గ్లూకోజ్ మీదే ఎక్కువగా ఆధారపడే క్యాన్సర్ కణం దానిని అంతగా కాల్చుకోలేదు కనుక, అది కేంద్రకంలో పోగుపడి హిస్టోన్ డీఅసిటైలేజ్ అనే ఎంజైములను అడ్డుకుంటుంది, కణం పెరుగుదల మందగిస్తుంది. ఒకే పదార్థం మంచి కణానికి తిండిగా, చెడ్డ కణానికి కళ్లెంగా ఉండటం నన్ను ఈ రంగంలోకి లాగిన విషయం. కొర్రల పొట్టులోని బంధిత పాలీఫీనాల్స్ మీద చైనా శాస్త్రజ్ఞులు పెద్దపేగు క్యాన్సర్ కణాలతో చేస్తున్న పని కూడా ఈ దారిలోనిదే.

మనుషులలో ఏమి తేలిందన్నది కూడా నిజాయితీగా చెప్పాలి. ఉగాండాలో పని చేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, ఆఫ్రికా పల్లెల్లో పెద్దపేగు క్యాన్సర్ అరుదుగా ఉండటానికి పీచు ఎక్కువగా ఉన్న తిండే కారణమని 1971లో ప్రతిపాదించారు. దానిని పరీక్షించడానికి అమెరికాలో, పాలిప్ ఒకసారి తీయించుకున్న 1,429 మందికి గోధుమ పొట్టు పీచును కొందరికి రోజుకు 13.5 గ్రాములు, కొందరికి 2 గ్రాములు మూడేళ్ల పాటు ఇచ్చారు. 2000లో ఫలితం వచ్చింది: ఎక్కువ పీచు తిన్నవారిలో 47 శాతం మందికి, తక్కువ తిన్నవారిలో 51.2 శాతం మందికి పాలిప్‌లు మళ్లీ వచ్చాయి, గణాంకపరంగా అది తేడా కిందికి రాదు. కొవ్వు తగ్గించి పీచు పెంచిన ఆహారంతో 2,079 మందిపై జరిగిన మరొక ప్రయోగం అదే పత్రిక అదే సంచికలో అచ్చయింది, అందులోనూ తేడా లేదు. నేను ఆ రెండు పత్రాలను మొదటిసారి చదివిన రోజు ఎంతో నిరాశపడ్డాను.

దానితో కథ ముగిసిపోలేదు. పాలిప్ మళ్లీ రావడానికి మూడు నాలుగేళ్లు చాలు, అది క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లు పైగా పడుతుంది. లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2011లో చేసిన విశ్లేషణలో, రోజుకు 90 గ్రాముల ముడి ధాన్యాలు, అంటే పొట్టు పొర తీయని ధాన్యాలు, తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 17 శాతం తక్కువగా కనిపించింది. వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ 2018 నివేదిక ఈ ఆధారాన్ని ‘బహుశా నిజం’ అనే స్థాయిలో ఉంచింది. ముడి ధాన్యాలు తినేవారు సాధారణంగా పొగ తక్కువగా తాగుతారు, ఎక్కువగా నడుస్తారు కనుక, ఆ 17 శాతం అంతా ధాన్యపు ఘనతే అని చెప్పలేము. అయినా జబ్బు రాకముందు తినే తిండిగా దానికి ఆధారం ఉంది. జబ్బు వచ్చాక మందుగా వాడటానికి అటువంటి ఆధారం లేదు. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో పెద్దపేగు క్యాన్సర్ నుంచి కోలుకున్న కొద్దిమందికి వేడితో స్థిరపరచిన తవుడును రోజుకు 30 గ్రాముల చొప్పున నాలుగు వారాలు పెట్టి చూశారు. అది తినగలరా, పేగులో ఏమి మారుతుందన్నది చూడటానికే ఆ చిన్న ప్రయోగం చేశారు. జబ్బు తిరిగి రాకుండా ఆపుతుందా అన్నది వారు పరీక్షించిన ప్రశ్న కాదు.

మీ పిల్లల సంగతికి వస్తే, మన ఉత్తరాంధ్ర వంట మీకు దారి చూపిస్తుంది. చోళ్ల (రాగుల) పొట్టు గింజకు గట్టిగా అంటుకుని ఉండి ఒలవడానికి వీలుపడదు కనుక, చోడి పిండిలో పొట్టు అంతా కలిసే ఉంటుంది. ఆ పొట్టులోనే దాని పాలీఫీనాల్స్ ఎక్కువగా ఉంటాయి. కొర్రలు, సామలు కొనేటప్పుడు మాత్రం తెల్లగా మెరిసేలా పాలిష్ పట్టినవి కాకుండా పొట్టు పొర మిగిలినవి అడిగి తీసుకోండి. అన్నీ బియ్యపు తవుడు మీదే పెట్టవద్దనడానికి ఇంకొక కారణం కూడా ఉంది. వరి మొక్క నేల నుంచీ నీటి నుంచీ ఆర్సెనిక్‌ను పీల్చుకుని గింజ పై పొరల్లో పోగుచేస్తుంది. అకర్బన ఆర్సెనిక్ స్వయంగా క్యాన్సర్ కారకం.


జవాబు 5: వాల్తేరు ఔషధశాస్త్రం

ఎం.వి.పి. కాలనీ అమ్మాయి సరిదిద్దింది, సంతోషం. పెద్దపేగు లోపలి గోడ విషయంలో నా లెక్క వర్తించదన్న మాట నిజమే, నేను దానిని విడిగా చెప్పి ఉండాల్సింది. ఒక్క విషయం మాత్రం జోడిస్తాను. మీ అన్నయ్యగారి గడ్డను ఇప్పటికే తీసేశారు. ఇప్పుడు కీమో వెతుకుతున్నది పేగు లోపలి గోడ మీద ఉన్న కణాన్ని కాదు, శస్త్రచికిత్సకు ముందే రక్తంలోకో లింఫ్‌లోకో జారి కాలేయంలోనో మరెక్కడో నక్కి ఉండగల కణాన్ని. అక్కడికి బ్యూటిరేట్ గానీ ఫెరూలిక్ ఆమ్లం గానీ చాలినంతగా చేరవు. కాబట్టి ఆయన విషయంలో నేను మొదట చెప్పిన లెక్కే నిలుస్తుంది, మీ విషయంలో ఆమె చెప్పినది నిలుస్తుంది.

మీ గురించి తిండి కంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది, అడగకపోయినా చెబుతున్నాను. తోబుట్టువుకు అరవై ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చినప్పుడు, మిగిలినవారు నలభై ఏళ్లకే, లేదా ఆ తోబుట్టువుకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు, కొలనోస్కోపీ (పెద్దపేగు లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకోవాలన్నది అనేక దేశాల వైద్యసంఘాల సూచన. అన్నయ్యగారి వైద్యుణ్నే ఆ విషయం కూడా అడగండి. పాలిప్‌ను క్యాన్సర్ కాకముందే తీసివేయడం ద్వారా అది చేసే మేలు ముందు ఏ ధాన్యపు పొట్టూ నిలవదు.


మళ్లీ గాజువాక ఉపాధ్యాయిని

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న సీసానూ కరపత్రాన్నీ తీసుకుని అన్నయ్యతో పాటు వైద్యుని వద్దకు వెళ్లాను. సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఫోలిక్ ఆమ్లం, బి12 కూడా కలిపినట్లు రాసి ఉంది. పది రోజులుగా అది మా ఇంట్లోనే ఉన్నా నేను ముందువైపు తప్ప తిప్పి చూడలేదు. ఆయన చదివి, కెపసిటబిన్ వాడుతున్నంతకాలం దీనిని ముట్టవద్దన్నారు. అన్నయ్య హిమోగ్లోబిన్ 9.8 ఉంది. ఇనుము నిల్వలు చూడటానికి ఫెరిటిన్ పరీక్ష రాసిచ్చారు.

సీసా తిరిగి ఇచ్చేస్తే ఆ బంధువు మనసు నొచ్చుకుంటుందేమోనని వదిన వెనకాడింది. ఆయన ప్రేమతోనే తెచ్చారు కనుక, మీరందరూ రాసిన మాటలను నేనే ఆయన పక్కన కూర్చుని చదివి వినిపిస్తానని చెప్పాను. నాకు నలభై తొమ్మిదేళ్లు నిండాయి. నా కొలనోస్కోపీకి వచ్చే నెల రెండో వారంలో తేదీ ఇచ్చారు, మా చెల్లెలికి కూడా ఈ రోజే ఫోన్ చేసి చెప్పాను.

అన్నయ్యకు ఎప్పటి నుంచో చోడి అంబలి తాగాలని ఉంది. విరేచనాలు రెండు మూడు సార్లకు తగ్గాక, మెత్తని బట్టలో వడగట్టి పలుచగా సగం గ్లాసుతో మొదలు పెట్టవచ్చని అక్కడి ఆహార నిపుణురాలు చెప్పారు. ఐదో విడత బుధవారం ఉదయం. ఫెరిటిన్ ఫలితం వచ్చాక ఇక్కడే రాస్తాను.